కారుకి ఇన్సూరెన్స్ ఉందన్నారు, మరి ఇంకోటి ఎందుకు?

ప్రశ్న: వచ్చే నెల కుటుంబంతో విదేశానికి వెళ్తున్నాం. ఆన్‌లైన్‌లో అద్దె కారు బుక్ చేశాను. సీడీడబ్ల్యూ (అద్దె కారు దెబ్బతింటే ఆ ఖర్చు నుంచి కాపాడే కవర్) కలిపే ఉందని రాశారు. అయినా కౌంటర్‌లో ఇంకో కవర్ తీసుకోమంటారని, వద్దంటే కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారని స్నేహితులు చెబుతున్నారు. నా క్రెడిట్ కార్డుకి అద్దె కారు కవర్ ఉందట. అది చాలదా?

జవాబు: స్నేహితులు చెప్పింది నిజమే. సీడీడబ్ల్యూ ఉన్నా, కారు దెబ్బతింటే కొంత మొత్తం వరకు మీరే కట్టుకోవాలి. దాన్నే ఎక్సెస్ అంటారు. అది 1,500 యూరోలు అనుకుందాం. 400 యూరోల సొట్ట పడితే ఆ 400 మీరే కట్టాలి. 6,000 యూరోల నష్టమైతే 1,500 మీది, మిగతాది వాళ్లది. సాధారణంగా కార్డు మీద బ్లాక్ చేసేది ఈ ఎక్సెస్ కోసమే. కౌంటర్‌లో అమ్మే అదనపు కవర్ దీన్ని తగ్గిస్తుంది, లేదా సున్నా చేస్తుంది. బయట విడిగా దొరికే ఎక్సెస్ పాలసీ చాలాసార్లు చవగ్గానే వస్తుంది. కానీ ముందు మీరు కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. కాబట్టి బ్లాక్ ఎలాగూ తప్పదు, కార్డులో అంత లిమిట్ ఉంచుకోండి.

టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు, తాళం పోవడం, ఒక ఇంధనానికి బదులు ఇంకోటి పోయడం తరచూ సీడీడబ్ల్యూ కిందికి రావు. ఐస్‌లాండ్‌లోనైతే కంకర దెబ్బకి, ఇసుక, బూడిద దెబ్బకి విడివిడిగా కవర్లు అమ్ముతారు. గాలికి తలుపు విరుచుకుపోతే మామూలు సీడీడబ్ల్యూ పనికిరాదు. మీరు వెళ్లే దారి ఎలాంటిదో చూసుకుని నిర్ణయించుకోండి.

నేను మాత్రం సొంత కారు గీతల కంటే ఎదుటివాళ్ల గురించే ఎక్కువ ఆలోచించమంటాను. మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే వచ్చే ఖర్చుకి అంతు ఉండదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం తప్పనిసరి, అద్దెలోనే కలిసి ఉంటుంది. అమెరికాలో అంత నిశ్చింత లేదు. కాలిఫోర్నియాలో చట్టం అడిగే కనీస కవర్ 2025 నుంచి ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు. అక్కడి ఆసుపత్రి బిల్లుకి అది ఏ మూలకి? మీరు వెళ్లేది అమెరికాకే అయితే, మీకు వేరే లయబిలిటీ కవర్ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టాన్ని భరించేది) లేనప్పుడు, దాన్ని పెంచే సప్లిమెంటల్ లయబిలిటీ కవర్ తీసుకోవడానికి వెనకాడకండి.

క్రెడిట్ కార్డు కవర్ ఈ పనికి రాదు. అది సాధారణంగా అద్దె కారు నష్టానికి, దొంగతనానికి మాత్రమే. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కంపెనీ సీడీడబ్ల్యూని వద్దనాలి అనే షరతులు చాలా కార్డులకి ఉంటాయి. మీ బుకింగ్‌లో సీడీడబ్ల్యూ ముందే కలిసి ఉంది కనుక ఎక్సెస్ వరకైనా ఇస్తారా అని బ్యాంకుని అడగండి. ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా లాంటి దేశాలను పక్కన పెట్టే కార్డులూ ఉన్నాయి. ఫోన్‌లో చెప్పిన మాట నమ్మకుండా ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.

కుటుంబంతో అన్నారు కాబట్టి ఇంకో మాట. క్లెయిములు చూసే ఉద్యోగంలో ఉండగా ఒక ఫైలు వచ్చింది. అగ్రిమెంట్ మీద పేరు బావది, స్టీరింగ్ దగ్గర ఉన్నది బావమరిది. పడింది బంపర్‌కి చిన్న సొట్టే. కానీ పేరు లేని మనిషి నడిపినందుకు కవర్ మొత్తం చెల్లకుండా పోయింది. పాపం, ఆ కుటుంబం రిపేరు ఖర్చంతా కట్టుకుంది. ఎవరెవరు నడుపుతారో అందరి పేర్లూ రాయించండి. అదనంగా కొంత తీసుకున్నా సరే.

కారు అందుకోగానే చక్రాల రిమ్ములు, బంపర్ కింది అంచు, ముందు అద్దం కనబడేలా నిదానంగా వీడియో తీయండి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అంతే. ఆఫీసు మూశాక తాళం డబ్బాలో వేసి వచ్చేస్తే, చాలాచోట్ల సిబ్బంది వచ్చి చూసేదాకా కారు బాధ్యత మీదే. వీలైతే మనుషులున్న వేళకే అప్పగించి, నష్టమేమీ లేదని కాగితం రాయించుకోండి.