అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినా గేట్‌వే లైన్ వదలకపోతే

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: ఆఫీసు ల్యాండ్‌లైన్‌ని గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ813 (మామూలు ఫోన్ లైన్‌ని ఇంటర్నెట్ కాల్స్‌కి కలిపే గేట్‌వే డబ్బా) ద్వారా ఆస్టరిస్క్‌కి, అంటే కంప్యూటర్‌లో నడిచే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి కలిపారు. బయటివాళ్లు ఫోన్ పెట్టేశాక కూడా ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు (గేట్‌వేలో ల్యాండ్‌లైన్ తగిలించే చోటు) లైన్ పట్టుకునే ఉంటోంది. తర్వాత చేసేవాళ్లకి ఎంగేజ్ వస్తోంది, రీబూట్ చేస్తే తప్ప వదలడం లేదు.

డబ్బా మార్చకండి, అది బాగానే ఉండి ఉంటుంది. సిప్‌లో (ఇంటర్నెట్ కాల్స్‌ని కలిపే, తెంచే పద్ధతి) కాల్ ముగిస్తే ‘బై’ అనే మెసేజ్ వస్తుంది. అనలాగ్ లైన్‌లో అలాంటిది లేదు. కాల్ అయిపోయిందని ఎక్స్ఛేంజ్ మూడు రకాలుగా చెప్పగలదు: లైన్‌లో కరెంటు క్షణకాలం ఆపడం, పోలారిటీ (రెండు తీగల ప్లస్, మైనస్) తిప్పడం, లేదా ఊరికే ఎంగేజ్ టోన్ వినిపించడం. మీ లైన్ వీటిలో ఏది ఇస్తోందో తెలియకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే రోజులు గడుస్తాయి తప్ప పని కాదు.

కాబట్టి ముందు కొలవండి. గేట్‌వే తీసేసి లైన్‌కి మామూలు ఫోన్ పెట్టండి, దానికి సమాంతరంగా మల్టీమీటర్‌ని డీసీ వోల్టేజ్‌లో తగిలించండి. ఫోన్ పెట్టి ఉన్నప్పుడు 48 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఎత్తితే 6 నుంచి 10కి పడిపోతుంది. ఇప్పుడు మొబైల్ నుంచి ఆ నంబరుకి చేసి, ఎత్తి, మొబైల్‌లో కట్ చేసి మీటర్ చూడండి. సున్నాకి పడి లేస్తే కరెంటు డిస్‌కనెక్ట్. గుర్తు మారితే పోలారిటీ. ఏదీ జరగకుండా టోన్ మాత్రమే వస్తే ఆ టోనే మీకు దిక్కు. డిజిటల్ మీటర్లు సెకనుకి రెండు మూడు రీడింగులే చూపిస్తాయి కాబట్టి చిన్న బ్రేక్ కంటికి కనపడకపోవచ్చు. దీనికి పాత ముల్లు మీటరే నయం, ముల్లు అదరడం తెలుస్తుంది.

టోనే అయితే అసలు చిక్కు ఇక్కడ ఉంటుంది. హెచ్‌టీ813లో పీఎస్‌టీఎన్ డిస్‌కనెక్ట్ టోన్ (ల్యాండ్‌లైన్ కాల్ అయిపోయిందని గేట్‌వే గుర్తుపట్టాల్సిన టోన్) డిఫాల్ట్‌గా అమెరికాది: 480, 620 హెర్ట్జ్ కలిపి, అర సెకను మోత, అర సెకను మౌనం. మన ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్ ఒక్కటే, 750 మిల్లీసెకన్లు మోగి 750 ఆగుతుంది. కంజెషన్ టోన్ (లైన్లు ఖాళీ లేవని చెప్పేది) కూడా 400 హెర్ట్జే, కానీ 250/250. కాల్ ముగిశాక కొన్ని లైన్లు ఈ రెండోది ఇస్తాయి, అందుకే వినకుండా 750/750 రాసేయకండి. సెట్టింగుల్లో ఆ డిస్‌కనెక్ట్ టోన్ గడిలో ముందే ఉన్న అంకెలు చూడండి: 500/500 అని ఉంటే మిల్లీసెకన్లు, 50/50 అని ఉంటే పది మిల్లీసెకన్ల లెక్క, అప్పుడు 750/750కి బదులు 75/75 రాయాలి.

కచ్చితమైన కొలత కావాలంటే మీ వాయిస్‌మెయిల్ ఫోల్డర్ తెరవండి. లైన్ వదలని కాల్స్ అందులో నిమిషాల తరబడి టూ టూ అంటూ రికార్డయి ఉంటాయి. ఆ వేవ్ ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో తెరిస్తే మోత ఎంతసేపో, మౌనం ఎంతసేపో గీతల్లోనే కనిపిస్తుంది, స్పెక్ట్రమ్‌లో హెర్ట్జ్ దొరుకుతుంది.

కరెంటు డిస్‌కనెక్ట్ ఇచ్చే లైన్ అయితే ఆ ఆప్షన్ ఆన్ చేయండి. థ్రెషోల్డ్ (కరెంటు ఎంతసేపు ఆగితే కాల్ అయిపోయినట్టో చెప్పే హద్దు) 100 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే కొన్ని లైన్లలో కాల్ ఎత్తగానే తెగిపోతుంది, ఎందుకంటే కలిపేటప్పుడు కూడా ఎక్స్ఛేంజ్ చిన్న బ్రేక్ ఇస్తుంది. 200కి పెంచి చూడండి, మీ లైన్ ఇచ్చే బ్రేక్ కంటే మాత్రం తక్కువే ఉండాలి.

రిసీవ్ గెయిన్ (లైన్ నుంచి వచ్చే శబ్దం స్థాయి) బాగా పెంచారా? టోన్ చితికి గుర్తుపట్టకుండా పోతుంది, ఎకో కూడా వస్తుంది. సున్నాకి తెచ్చి అక్కడినుంచి రెండు డెసిబెల్స్ చొప్పున కదపండి. ఏసీ టెర్మినేషన్‌లో (గేట్‌వేని లైన్‌కి సరిపోల్చే సెట్టింగు) దేశం ఇండియా. కోడెక్ (మాటని డిజిటల్‌గా మార్చే పద్ధతి) జీ711 ఎ-లా. లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే గేట్‌వే తప్పనిసరిగా స్ప్లిటర్ ఫోన్ పోర్టు నుంచే.

కాలర్ ఐడీ రాకపోతే: నంబరు పంపడానికి రెండు పద్ధతులున్నాయి. డీటీఎంఎఫ్ (బటన్ నొక్కితే వచ్చే టోన్లు) పద్ధతి లైన్లలో నంబరు మొదటి రింగు కంటే ముందే వస్తుంది, ఎఫ్‌ఎస్‌కే (మోడెమ్ లాంటి సంకేతం) అయితే సాధారణంగా మొదటి రెండు రింగుల మధ్య. రెండోదైతే ‘నంబర్ ఆఫ్ రింగ్స్’ (ఎన్ని రింగులయ్యాక గేట్‌వే ఎత్తాలి) 2 పెట్టాలి.

ఇదంతా చేసినా ఆస్టరిస్క్ డయల్‌ప్లాన్‌లో (ఏ కాల్‌ని ఏం చేయాలో రాసే చోటు) ఇన్‌కమింగ్ కాల్స్‌కి యాబ్సల్యూట్ టైమౌట్ (అది దాటితే కాల్ తెగిపోయే గరిష్ఠ సమయం) 3600 సెకన్లు పెట్టుకోండి. ఆర్‌టీపీ టైమౌట్‌ని (ఆడియో ప్యాకెట్లు ఆగిపోతే కాల్ తెంచే సెట్టింగు) నమ్ముకుంటే లాభం లేదు. లైన్‌లో టోన్ మోగుతున్నంతసేపు ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి, దాని దృష్టిలో కాల్ సజీవంగానే ఉంటుంది.

అడగలేదు కానీ చెప్పాలి. వెబ్ పేజీనీ, సిప్ పోర్టులనీ ఇంటర్నెట్‌కి తెరవకండి. ఎఫ్‌ఎక్స్‌ఓకి డిఫాల్ట్ సిప్ పోర్టు నంబరు 5062. దానికి మీ ఆస్టరిస్క్ ఐపీ నుంచి మాత్రమే అనుమతి ఉండాలి. లేకపోతే ఎవరో మీ లైన్ మీద విదేశాలకి మాట్లాడతారు, బిల్లు మీకొస్తుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ మూయించండి. వానాకాలం పిడుగులకి ముందుగా పోయేది ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టే కాబట్టి లైన్ లోపలికొచ్చే చోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (అధిక వోల్టేజ్‌ని భూమిలోకి మళ్లించేది) పెట్టి సరైన ఎర్త్‌కి కలపండి. ఫర్మ్‌వేర్ మార్చేముందు కాన్ఫిగ్ డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి, మార్చాక డిస్‌కనెక్ట్ టోన్ గడి మళ్లీ 480కి పోలేదు కదా అని ఒకసారి చూసుకోండి.