2500 ఎందుకు? – యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని (నువ్వు 'పై' అని పిలిచేది) స్పీకర్లకు డిజిటల్ క్రాస్ఓవర్‌గా ఎలా వాడుకోవచ్చో తెలుగులో రాయాలనుకోవడం మంచి ఆలోచన. బేస్‌ను పెట్టెలోని పెద్ద స్పీకర్ ఊఫరుకు, సన్నని స్వరాలను చిన్న స్పీకర్ ట్వీటరుకు విడదీసి పంపేదే కదా క్రాస్ఓవర్. వాక్యాలు చిన్నవిగా, తేటగా ఉన్నాయి. ఇక నాకు కోపం వచ్చిన చోటికి వస్తాను.

నాలుగో పేజీలో ఇలా రాశావు: "పాత క్రాస్ఓవర్ బోర్డు తీసేసి, యాంప్లిఫయర్ వైర్లు నేరుగా ట్వీటరుకు కలిపి, పై ఆన్ చేయండి." అంతే. ముందూ వెనకా ఒక్క హెచ్చరిక లేదు. ఆ వాక్యం చదివి కాగితాలు పక్కన పెట్టేశాను. మర్నాడు గానీ మళ్ళీ తీయలేదు.

నువ్వు తీసి పారేయమన్న ఆ పాత బోర్డులో ట్వీటరుకు ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది. బేస్ అంతా అక్కడే ఆగిపోతుంది. యాంప్లిఫయర్ చెడిపోయి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వదిలినా అదే అడ్డుకుంటుంది. దాన్ని తీసేశాక ట్వీటర్ ప్రాణం మొత్తం, పైలో క్రాస్ఓవర్ పని చేసే క్యామిల్లాడీఎస్పీ సాఫ్ట్‌వేర్‌కు నువ్వు రాసిన కాన్ఫిగ్ ఫైలు చేతిలో ఉంది. అందులో ఏ శబ్దం ఎటు వెళ్ళాలో చెప్పే మిక్సర్ సెక్షన్లో ఛానెల్ నంబరు ఒకటి అటూ ఇటూ అయితే ఊఫరుకు వెళ్ళాల్సిన బేస్ ట్వీటరుకు వెళుతుంది. సాఫ్ట్‌వేర్ లేచేలోపు వేరే ప్రోగ్రాం ఏదైనా నేరుగా డ్యాక్‌లోకి (అంకెలను శబ్దపు కరెంటుగా మార్చే పరికరం) శబ్దం పంపినా అంతే. పై రీస్టార్ట్ అయ్యేటప్పుడు డ్యాక్ 'టప్' మందనుకో, అదీ ట్వీటరుకే. లోపలి కాయిల్ తీగ వెంట్రుకంత ఉంటుంది. కాలిపోవడానికి ఎంతసేపు?

అందుకని డిజిటల్ క్రాస్ఓవర్ పెట్టినా ట్వీటరుకు సిరీస్‌లో ఒక కెపాసిటర్ ఉంచు. 8 ఓమ్స్ ట్వీటరుకు 20 మైక్రోఫారడ్లు పెడితే దాదాపు 1000 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. నీ క్రాస్ఓవర్ 2500 దగ్గర కాబట్టి చాలా కిందే ఉంది. అయినా అది ఊరికే ఉండదు. 2500 దగ్గర అర డెసిబెల్‌కు కాస్త ఎక్కువ తగ్గిస్తుంది, ఫేజ్‌ను, అంటే అల ముందూ వెనకలను, 22 డిగ్రీల దాకా తిప్పుతుంది. కాబట్టి మైకుతో కొలిచేటప్పుడు కూడా ఆ కెపాసిటర్ దాని చోట ఉండాలి. అప్పుడు నువ్వు సరిచేసేది దానితో కలిపి వచ్చిన శబ్దాన్నే. ఇదంతా వ్యాసంలో ఒక పేరాకు సరిపోతుంది. ఆ పేరా లేకుండా ఈ వ్యాసం ఎక్కడా అచ్చవకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఇచ్చిన సంఖ్యలు చూడు. క్రాస్ఓవర్ 2500 హెర్ట్జ్. లింక్విట్జ్–రైలీ ఫిల్టర్, ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ రెట్టింపైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ కోత. ట్వీటరుకు 73 మైక్రోసెకన్ల డిలే (ఆలస్యం). 80 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ పెంపు. వరసగా రాసుకుంటూ పోయావు. ఒక్కదానికి కూడా ఎందుకో చెప్పలేదు. పాఠకుడు ఆ ఫైలు కాపీ చేసుకుంటాడు. అతని పెట్టె వేరు, ఊఫర్ వేరు, ట్వీటర్ వేరు. నీ సంఖ్యలు అతని ఇంట్లో ఏం చేస్తాయి? సాంకేతిక వ్యాసంలో ప్రతి సంఖ్య తన కారణాన్ని వెంటపెట్టుకుని రావాలని నా పట్టుదల. దీని కోసం ఎంతోమందితో పోట్లాడాను, నీతోనూ పోట్లాడతాను.

2500 ఎందుకో నీకు తెలుసు. నీ దగ్గరున్నది ఆరున్నర అంగుళాల ఊఫర్. కదిలే కోన్ సుమారు 13 సెంటీమీటర్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. అంటే 2600 హెర్ట్జ్ దగ్గర అల పొడవు, కోన్ వెడల్పు ఒకటే అవుతాయి. అక్కడికి రాకముందే ఊఫర్ శబ్దాన్ని ఎదురుగా గుప్పించడం మొదలుపెడుతుంది. పక్కన కూర్చున్నవాడికి మాటలు మసకగా వినిపిస్తాయి. అందుకే అంతకన్నా పైకి పోకూడదు. కింద హద్దు ట్వీటర్‌ది. దాని రెజొనెన్స్ (అది సహజంగా ఊగే చోటు) 1000 హెర్ట్జ్ దగ్గరైతే కనీసం దానికి రెట్టింపు, అంటే 2000 పైన కొయ్యాలి. ఈ రెండు హద్దుల మధ్య నీ 2500 కూర్చుంది. ఈ నాలుగు మాటలు రాస్తే ఎనిమిది అంగుళాల ఊఫర్ ఉన్నవాడు తన కోన్ 17 సెంటీమీటర్లని కొలుచుకుని, తన హద్దు 2000 దగ్గరికే వచ్చేసిందని, కాబట్టి ఇంకా కింద నుంచే పని చేయగల ట్వీటర్ కావాలని తనే తెలుసుకుంటాడు. అప్పుడు వ్యాసం నీ స్పీకర్లతో ఆగిపోదు, అతని స్పీకర్లకూ పనికొస్తుంది.

ఆ 73 మైక్రోసెకన్లు కూడా అంతే. ఊఫర్ కోన్ లోతుగా ఉంటుంది. దాని శబ్దం ట్వీటర్ కన్నా 25 మిల్లీమీటర్లు వెనకనుంచి బయల్దేరుతుంది. 25 మిల్లీమీటర్లు దాటడానికి ధ్వనికి పట్టే సమయమే 73 మైక్రోసెకన్లు. ట్వీటర్ని అంతసేపు ఆపితే రెండూ కలిసి వస్తాయి. పాతిక మిల్లీమీటర్లు ఏమంత అనిపించవచ్చు. 2500 హెర్ట్జ్ దగ్గర అల మొత్తం పొడవే 137 మిల్లీమీటర్లు. అల మొత్తాన్ని 360 డిగ్రీలనుకుంటే అందులో అది 66 డిగ్రీల తేడా.

ఇంత లెక్క చూసుకుని, రెండు పేజీల తరువాత ఏమన్నావు? నాలుగు ఛానెళ్ళ డ్యాక్ దొరక్కపోతే "రెండు చవక యూఎస్‌బీ డ్యాక్‌లు పెట్టుకోవచ్చు" అన్నావు. ఎలా కుదురుతుంది? ఒక్కో డ్యాక్‌లో వేగాన్ని నడిపే గడియారం దాని సొంత క్రిస్టల్‌ది. రెండు క్రిస్టళ్ళ మధ్య లక్షకు 5 పాళ్ళ తేడా ఉందనుకో, అది మామూలే. సెకనుకు 50 మైక్రోసెకన్ల చొప్పున ఊఫరూ ట్వీటరూ విడిపోతుంటాయి. నువ్వు అంత కష్టపడి సరిచేసిన 73 మైక్రోసెకన్లు రెండు సెకన్లు కూడా నిలవవు. పల్లవి పూర్తయ్యేసరికి తేడా ఒక మిల్లీసెకను, అంటే 34 సెంటీమీటర్లు. డిలేకి కారణం రాసి ఉంటే ఈ రెండో వాక్యం నీ చేతి నుంచి వచ్చేదే కాదు. కారణం రాయడం పాఠకుడికే కాదు, ముందు నీకే కాపలా.

ఈ పట్టుదల నాకెక్కడ వచ్చిందో చెబుతాను. నా రోజుల్లో క్రాస్ఓవర్ అంటే కాయిలే. మోటార్ వైండింగ్ షాపుకు వెళ్ళి రాగి తీగ తూకానికి కొనుక్కొచ్చి, పీవీసీ పైపు ముక్క మీద చుట్టేవాళ్ళం. క్రాస్ఓవర్ కాస్త పైకి జరపాలంటే చుట్లు విప్పాలి. ఎక్కువ విప్పితే తీగ అతికించి మళ్ళీ చుట్టాలి. వేళ్ళు కోసుకుపోయేవి. అంత పని ఉండేది కాబట్టి ముందు కూర్చుని ఆలోచించేవాళ్ళం. నీకు ఫైలులో ఒక అంకె మార్చి మళ్ళీ లోడ్ చేస్తే పాట ఆగకుండానే శబ్దం మారిపోతుంది. ఆ సౌకర్యం చూసి నేను ఎంత సంతోషించానో నీకు తెలియదు. కానీ అంకె మార్చడం తేలికైపోయేసరికి ఆలోచన అవసరం లేదనుకుంటున్నారు.

ఆ కాయిల్ క్రాస్ఓవర్ మీద ఒక పత్రికకు వ్యాసం రాశాను. బస్సెక్కి వెళ్ళి స్వయంగా ఇచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే విలువలన్నీ ఉన్నాయి, 'ఎందుకు' అన్న పేరా లేదు. ఆ చోట ప్రకటన వేశారు. ఆ పేరాలో నేను రాసిందల్లా, ఈ విలువలు 8 ఓమ్స్ స్పీకర్లకు మాత్రమే, 4 ఓమ్స్ అయితే కాయిల్ సగం, కెపాసిటర్ రెట్టింపు అని, ఎందుకంటే ఇదీ అని. కొన్నాళ్ళకు తణుకు నుంచి ఒక కార్డు వచ్చింది. "మీరిచ్చిన విలువలే పెట్టాను. గొంతులన్నీ బొంగురుపోయాయి. సామాన్లకు పెట్టిన డబ్బు పోయింది" అని. కార్డు చివర అతను తన స్పీకర్ల గురించి రాశాడు, 4 ఓమ్స్‌వి. సంపాదకుడికి ఆ కార్డు చూపించాను. "పాఠకులకు రెసిపీ చాలండీ, థియరీ ఎవరు చదువుతారు" అన్నాడు. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ తరువాత ఎవరికి రాసినా కారణాల పేరా తీసేయకూడదన్న షరతుతోనే ఇచ్చాను. కొందరు ఆ షరతు చూసి వ్యాసమే తిప్పి పంపారు, పంపనీ.

ఇప్పుడు పత్రికలు పోయి "10 నిమిషాల్లో హై ఎండ్ సౌండ్" అన్న ఫ్యాషన్ వచ్చింది. నీ శీర్షికలో కూడా ఆ వాసన ఉంది. కొట్టెయ్.

మళ్ళీ నీ వ్యాసంలోకి. తొమ్మిదో పేజీలో, అదీ ఒక పేరా మధ్యలో, ఇలా రాశావు: "ఒకసారి ట్వీటర్ వైర్లు తిరగేసి కలిపాను. పాటలో గొంతు గోడలోకి వెళ్ళిపోయినట్టయింది." ఈ మొత్తం రచనలో నువ్వు చెవితో రాసిన వాక్యం ఇదొక్కటే. నాకు ఒళ్ళు జలదరించింది. దాన్ని అక్కడ దాచి, తరువాతి వాక్యంలో ఐపీ అడ్రస్ గురించి మొదలుపెట్టావు!

ఆ గొంతు ఎక్కడికి పోయిందో చెప్పాల్సింది అక్కడే కదా. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీల ఆలోచనలోంచి ఈ ఫిల్టర్ వచ్చింది. లింక్విట్జ్ 1976లో దాన్ని ప్రచురించాడు. నువ్వు వాడిన 24 డెసిబెల్స్ రకంలో, క్రాస్ఓవర్ దగ్గర ఊఫరూ ట్వీటరూ చెరో 6 డెసిబెల్స్ తగ్గి ఉంటాయి, రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటాయి. కలిస్తే సమానంగా నిండుతుంది. ఒకదాని వైర్లు తిరగేస్తే అదే చోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మాటలోని స్పష్టతకు ప్రాణమైన ప్రాంతంలో గుంట పడుతుంది. నువ్వు విన్నది ఆ గుంటనే. అది ఊరికే వింత కూడా కాదు, పరీక్ష. మైకు మీటరు దూరంలో, నువ్వు కూర్చుని వినే ఎత్తులో పెట్టి, ట్వీటర్‌ను కావాలనే తిరగేసి, డిలే కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవాలి. గుంట ఎక్కడ అన్నిటికన్నా లోతుగా పడితే ఆ డిలే సరైనది. తరువాత వైర్లు మామూలుగా కలపాలి. 73 అన్న సంఖ్య సరైనదో కాదో పాఠకుడికి తేల్చిచెప్పేది ఈ గుంటే. ఆ వాక్యాన్ని తొమ్మిదో పేజీ నుంచి మొదటి పేజీకి తీసుకురా. వ్యాసం అక్కడే మొదలవ్వాలి.

80 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ పెంచినదాన్ని మాత్రం పూర్తిగా తీసెయ్. సోఫా దగ్గర మైకు పెట్టావు, పల్లం కనిపించింది, నింపేశావు. ఆ పల్లం గది చేసింది. నేరుగా వచ్చే శబ్దమూ గోడకు తగిలి వచ్చే శబ్దమూ అక్కడ ఎదురెదురై కొట్టేసుకుంటున్నాయి. నువ్వు ఎంత పెంచితే గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, పల్లం పల్లంగానే ఉంటుంది. 10 డెసిబెల్స్ అంటే పది రెట్ల పవర్. 5 వాట్లు చాలిన చోట 50 కావాలి. పైగా మొత్తం స్థాయిని ముందే 10 డెసిబెల్స్ తగ్గించకపోతే గట్టి స్వరాల దగ్గర డిజిటల్‌లోనే క్లిప్ అవుతుంది, అంటే అలల తలలు తెగిపోతాయి. గది పైకి లేపిన ఉబ్బులను కిందికి దించు, అది ఫిల్టర్ చేయగలదు. పల్లానికి మందు సోఫా జరపడమే.

ఎఫ్ఐఆర్ ఫిల్టర్లతో (శబ్దపు శాంపిళ్ళను గుణకాలతో గుణించి కలిపే రకం) రెండో భాగం రాయనా అని అడిగావు. ముందు మొదటి భాగం నిలబడనీ. అది రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో. 65,536 ట్యాప్‌ల (గుణకాల) లీనియర్ ఫేజ్ ఫిల్టర్, అంటే అన్ని స్వరాలనూ సమానంగా ఆలస్యం చేసేది, పెడితే 48,000 శాంపిల్ రేటులో దాదాపు 0.68 సెకను ఆలస్యం. పాటకు ఫరవాలేదు, టీవీలో మాత్రం పెదాలు ముందు కదిలి మాట తరువాత వస్తుంది. ఇది చెప్పకుండా ఎఫ్ఐఆర్ గొప్పదనం రాస్తే పాఠకుడు నిన్ను తిట్టుకుంటాడు.

ఇంకొకటి నన్ను బాధపెట్టింది. వ్యాసమంతా క్యామిల్లాడీఎస్పీ మీద నడిపావు. దాన్ని రాసిన హెన్రిక్ ఎన్‌క్విస్ట్ పేరు ఎక్కడా లేదు. ఉచితంగా అందరికీ ఇచ్చిన పని అది. పైని అమ్మే కంపెనీ పేరు లెక్కలేనన్నిసార్లు రాశావు, ఈయన పేరు ఒక్కసారి రాయడానికి చోటు లేదా?

మళ్ళీ రాసి పంపు. గ్రాఫులు నువ్వు కొలిచినవే పెట్టు: ఊఫర్ ఒక్కటే, ట్వీటర్ ఒక్కటే, రెండూ కలిపి, తిరగేసి కలిపి. రంగులను నమ్ముకోకు, నలుపు తెలుపు ప్రింటులో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా రావచ్చు. ఒకటి గీతగా, ఒకటి చుక్కలుగా గీయి. కాన్ఫిగ్ ఫైలును చివరన పెట్టు. అందులో ప్రతి లైను ముందున్న ఖాళీకి అర్థం ఉంది, ఒక్క స్పేసు జరిగినా ఫైలు తెరుచుకోదు. పేజీ కట్టేవాళ్ళు ఆ ఖాళీలను సర్దేస్తారు. కాబట్టి ప్రూఫ్ నీకే చూపించాలని వ్యాసం ఇచ్చేటప్పుడే అడుగు. ఆ ప్రూఫ్‌లో ఉన్న ఫైలును అక్షరం అక్షరం మళ్ళీ టైపు చేసి, నీ పైలో నడిపి చూసి, కెపాసిటర్ పేరా ఉందో లేదో వెతికి, అప్పుడు సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు