కడవ, పలక, గడప, నడక: మా పెద్దాడి రిపోర్టు వెనక రాసిన నాలుగు మాటలు

ప్రశ్న: "ఒకే జీన్‌లో లోపం ఉన్నా కొందరు పిల్లలకు జబ్బు తీవ్రంగానూ, కొందరికి తేలిగ్గానూ ఎందుకు ఉంటుంది? జెనెటిక్ రిపోర్టు చూసి ముందే చెప్పొచ్చా?"

మిగతా జబ్బుల జోలికి నేను వెళ్ళను. డుషెన్ అనే కండరాల జబ్బు గురించి చెప్తాను, మా పెద్దాడికి ఉన్నది అదే. ఇందులో చాలావరకు ముందే చెప్పొచ్చు. కాకపోతే రిపోర్టులో మన కళ్ళు వెళ్ళే అంకె ఒకటి, చూడాల్సింది ఇంకొకటి. నేను తప్పు అంకె చూసి ఒక పూటంతా సంతోషపడ్డాను.

2016లో మాట. వాడికి ఐదేళ్ళు. తెనాలి నుంచి రాత్రి రైలెక్కి హైదరాబాద్ వచ్చి, పొద్దున్నే రిపోర్టు తీసుకుని ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. పక్కన నిజామాబాద్ ఆయన, వాళ్ళబ్బాయి. ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతున్నాడు. తన ఫైలు తనే పట్టుకుని నడిచొచ్చాడు, మెట్ల దగ్గర మాత్రం రెయిలింగ్ పట్టుకున్నాడు. మావాడు అప్పుడే కింద కూర్చుని ఆడుకుని లేస్తున్నాడు. ముందు చేతులు నేల మీద, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద పెట్టుకుంటూ తన ఒంటి మీద తనే పాక్కుంటూ లేచాడు. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామంది అలాగే లేస్తారు.

ఆయన అది చూసి, "అన్నా, మీ పిల్లగానికి ఎన్ని పోయినయి?" అని అడిగాడు.

"ఒక్కటేనండి. 45."

"మావానికి మూడు. 45, 46, 47."

ఈ జీన్‌లో ఎక్సాన్లనే ముక్కలు 79 ఉంటాయి. అందులో మూడు పోయినవాడు పంతొమ్మిదేళ్ళకు కాలేజీకి వెళ్తున్నాడంటే ఒక్కటి పోయిన మావాడు ఇంకెంత బాగుంటాడు! అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసి "ఒక్కటే పోయిందట, భయం లేదు" అని మా ఆవిడకు చెప్పేశాను. అటువైపు నుంచి కాసేపు మాట రాలేదు, తర్వాత ఏడుపు వినిపించింది.

మధ్యాహ్నం కౌన్సెలింగ్ మేడం దగ్గర అదే మాట అన్నాను. ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. నా చేతిలో రిపోర్టు తీసుకుని, తిరగేసి, నీలం పెన్నుతో ఒక వరస రాసింది.

కడవ పలక గడప నడక

"చదవండి" అంది. చదివాను. "జీన్‌ని ఒళ్ళు మూడేసి అక్షరాల లెక్కన చదువుతుందండీ. ఇప్పుడు ఒక మాట మొత్తం తీసేస్తున్నా" అని కింద 'కడవ గడప నడక' అని రాసింది. ఒక మాట లేదు, మిగతావన్నీ చక్కగా ఉన్నాయి. "ఇప్పుడు ఒక్క అక్షరమే తీస్తున్నా" అని మొదటి మాటలో 'వ' కొట్టేసి, మిగిలినవాటిని మళ్ళీ మూడేసి చొప్పున విడగొట్టింది.

కడప లకగ డపన డక

మొదటి మాట ఊరి పేరైంది. తర్వాత అంతా గోల. ఆ గోలలో ఎక్కడో 'ఇక ఆపు' అనే గుర్తు తగులుతుందట. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారీ అక్కడితో ఆగిపోతుంది. ఆ అరకొర ముక్కను ఒళ్ళు నిలవనివ్వదు.

45వ ఎక్సాన్‌లో 176 అక్షరాలు. మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది. 46లో 148, 47లో 150. మూడూ కలిపితే 474, మూడుతో సరిగ్గా పోతుంది. నిజామాబాద్ అబ్బాయికి మాటలు పోయాయి, మావాడికి వరస తప్పింది. అందుకే ఆ అబ్బాయిది బెకర్ అనే తేలిక రకం, మావాడిది డుషెన్. జీన్ మాత్రం ఒక్కటే. ఆ రాత్రి లాడ్జిలో ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఆ భాగహారం ఎన్నిసార్లు చేశానో చెప్పలేను.

మా ఊళ్ళో వాళ్ళకి నేను చేంతాడు లెక్కన చెప్తుంటాను. డిస్ట్రోఫిన్ ఒక కొస కండరం లోపలి పోగులకు, రెండో కొస కణం పొరకు కట్టి ఉండే తాడులాంటిది. చేంతాడు మధ్యలో రెండు బారలు కోసి ముడేసినా నీళ్ళు తోడుకోవచ్చు. బొక్కెన వైపు కొసే లేకపోతే ఎంత పొడుగు తాడుంటే ఏం లాభం? 1990లో బ్రిటన్‌లో ఒకాయన గురించి ప్రచురించారు. ఆ ప్రోటీన్‌లో 46 శాతం లేకుండానే 61 ఏళ్ళ వయసులో ఆయన నడుస్తున్నాడు. రెండు కొసలూ మిగిలాయి కాబట్టే. జీన్ థెరపీలో ఇస్తున్న పొట్టి డిస్ట్రోఫిన్ ఆలోచనకు దారి చూపిన కేసుల్లో అదొకటి.

కాబట్టి మీ రిపోర్టులో ఎన్ని ఎక్సాన్లు అన్నది పక్కన పెట్టి 'ఇన్ ఫ్రేమ్' (వరస నిలిచింది) అని ఉందా, 'ఔట్ ఆఫ్ ఫ్రేమ్' (వరస తప్పింది) అని ఉందా చూడండి. పదింట తొమ్మిదిసార్లు ఈ లెక్క తప్పదు.

ఆ లెక్కకు లొంగని సంగతులూ ఉన్నాయి. మావాడు పదమూడు నిండేదాకా ఇంట్లో గోడ పట్టుకునైనా నడిచాడు. వాడితోపాటు ఫిజియోకి వచ్చిన ఇంకో బాబుకి 48 నుంచి 50 దాకా లేవు. వాడూ స్టెరాయిడ్లు వాడాడు, పదో ఏటే చక్రాల కుర్చీలోకి వచ్చాడు. 45 ఒక్కటే లేని పిల్లల్లో పక్కనున్న 44ను కండరం అప్పుడప్పుడు తనంతట తనే చదవకుండా దాటేస్తుంది. 44లో 148, 45లో 176, కలిపితే 324, మళ్ళీ మూడుతో పోతుంది. అలా కాస్తంత డిస్ట్రోఫిన్ పుడుతుంది. స్టెరాయిడ్ మేం ఒక్కరోజూ మానలేదు, ఎవరినీ మానమని చెప్పను కూడా. కానీ మావాడికి కలిసొచ్చిన ఆ మూడేళ్ళు 44 పెట్టిన భిక్షే అని నా గట్టి నమ్మకం. అలా దాటించే మందులకు అమెరికాలో 2016 నుంచి అనుమతులు వచ్చాయి, మొదట 51కి, తర్వాత 53కి, 2021లో 45కి. మావాడికి కావాల్సింది 44. ఒక్కో వార్త వచ్చినప్పుడల్లా ముందు ఆ అంకె వెతుక్కునేవాణ్ణి.

అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మావాడికి మూడో ఏట జ్వరం వచ్చి రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువున్నాయని లివర్ జబ్బు అన్నారు. ఏడాదిన్నర లివర్ సిరప్‌లు. అవి చాలక కామెర్ల పసరు కూడా పోయించాం. ఆ రెండు ఎంజైములూ కండరంలోనూ ఉంటాయని ఒక్కరూ అనలేదు. పిక్కలు గట్టిగా లావుగా ఉంటే మా నాన్న "పహిల్వాన్ కాళ్ళురా" అని మురిసిపోయేవాడు. చివరికి సీపీకే అనే కండరాల ఎంజైము పరీక్ష చేయిస్తే వేలల్లో వచ్చింది. ఆలస్యంగా నడిచిన, తరచూ పడిపోయే మగపిల్లాడికి లివర్ ఎంజైములు ఎక్కువున్నాయంటే ముందు సీపీకే అడగండి. కొన్ని వందల రూపాయల పరీక్ష అది.

ఇంకోటి, మేనరికం. మాది మేనరికమే. బంధువులంతా దాని మీదకే తోశారు. థలసీమియా లాంటివాటికి ఆ మాట వర్తిస్తుంది. డుషెన్ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచి ఒక్కటే. భార్యాభర్తలు బంధువులా, బయటివాళ్ళా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ఈ సంగతి చెప్తే మాత్రం వాళ్ళు వెంటనే "అయితే తల్లిదే" అన్నారు. మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి లోపమే ఉండదు, కొత్తగా పుడుతుంది. మా ఆవిడకు పరీక్ష చేయిస్తే ఎక్సాన్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది. మా అత్తయ్య చనిపోయేదాకా ఆవిడకు దాన్ని చూపించలేదు, నేను అడిగినా చూపించనంది.

రక్తంలో లేదన్నంత మాత్రాన రెండో కాన్పుకి భయం లేదనుకోకండి. కొందరు తల్లులకు అండాల్లో మాత్రమే ఆ లోపం ఉండొచ్చు. మేం అమ్మాయి కడుపులో ఉండగా పదకొండో వారం దాటాక మాయ నుంచి ముక్క తీసి పరీక్ష చేయించాం. మొదటి రిపోర్టులో 45 అని ఖచ్చితంగా తెలిసింది కాబట్టే ఏం వెతకాలో వాళ్ళకు తెలిసింది. మీ దగ్గరున్న రిపోర్టు ఒరిజినల్ జాగ్రత్త. మాది లామినేషన్ చేయించాను, వెనక నీలం పెన్ను గీతలు కనిపించేలా.