పంపు పేరు చివర్లో రాయి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నాన్న షెడ్డు గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెడ్‌హిల్స్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు, పొద్దున్నే ఊత్తుకోట వైపు నుంచి వచ్చి ఆగిన పాత ట్రాక్టరు, "స్టీరింగ్ తిప్పీ తిప్పీ రెక్కలు పడిపోతున్నాయన్నా" అంటూ దిగిన రైతు. అంతవరకూ చాలా బాగుంది. ఆ ఒక్క మాటతో మనిషీ బండీ రెండూ కళ్ల ముందుకొచ్చాయి. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. "పంపు అరిగిందని నాన్న కనిపెట్టి కొత్తది వేశారు" అని రాశావు. అదే, స్టీరింగ్ తేలిక చేయడానికి ఆయిల్‌ని ఒత్తిడితో తోసే పంపు. ఎలా కనిపెట్టారు? నువ్వు రాయాల్సిందంతా ఆ "కనిపెట్టి" అన్న మాట కిందే ఉండిపోయింది తల్లీ.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వర్క్‌షాపులో పనిచేస్తూ యంత్రాల గురించి తెలుగులో రాయడం మొదలుపెట్టిన కొత్తలో, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటే ముందు పంపు చూడండి అని రాసేశాను. అది చదివి నాయుడుపేట వైపు రైతు ఒకాయన కొత్త పంపు కొని బిగించుకున్నాడు. బండి మారలేదు. పాత పంపుని గోనెసంచిలో చుట్టుకుని, బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనతో పాటే వెళ్లాను. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి లేపి, రెండు ముందు చక్రాల్ని కలిపే టై రాడ్ విప్పి, చక్రాన్ని చేత్తో తిప్పబోతే ఒక పక్క అసలు కదల్లేదు. చక్రం పక్కకు తిరిగేది కింగ్ పిన్ అనే కడ్డీ మీద; దాని బుష్‌లో గ్రీజు ఎండి, తుప్పు పట్టి, పట్టేసింది. గోనెసంచిలో ఉన్న పంపు మంచి పంపే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనం రాసింది నమ్మి డబ్బు పెట్టే మనిషి ఉంటాడని అప్పటిదాకా నాకు తోచలేదు.

అందుకే, నాన్న చేతులు ఏ వరసలో కదిలాయో ఆ వరసలోనే రాయి. ఖర్చు లేని అనుమానం ముందు వస్తుంది, ఖర్చయ్యేది చివర వస్తుంది. ముందు టైర్లలో గాలి చూసి ఉంటారు; గాలి తగ్గితే ఎంత మంచి స్టీరింగైనా బరువెక్కుతుంది. తర్వాత ఆయిల్ ట్యాంకు మూత తీసి ఉంటారు. అక్కడ కాసేపు ఆగు, పాఠకుణ్ణి కూడా ఆపు. ఆయిల్ మట్టం తగ్గిందా? నురగ కడుతోందా? నురగంటే ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే పైపులో ఎక్కడో గాలి లాగుతోంది, క్లిప్పు వదులైనా చాలు. పాల రంగుకు తిరిగిందంటే నీళ్లు కలిసి ఉండొచ్చు. తిప్పినప్పుడు మూలుగుతోందంటే పంపుకు ఆయిల్ చాలడం లేదన్నమాట, ఫిల్టరు మూసుకుపోయినా అదే మూలుగు. పంపు బెల్టుతో తిరిగే బండైతే బెల్టు జారుతోందేమో కూడా చూస్తారు.

అప్పుడే జాకీ. ముందు చక్రాలు గాల్లో ఉండగా ఇంజను వేసి తిప్పితే తేలిగ్గా ఉండి, నేల మీద రెండు వైపులా బరువైతే ఒత్తిడి చాలడం లేదని అర్థం. గాల్లో కూడా బిగుతుగానే ఉంటే ముందు కింగ్ పిన్, టై రాడ్ చివరలు చూడాలి. నెమ్మది మీద బరువుగా ఉండి, రైజ్ చేస్తే తేలికైతే అనుమానం పంపు మీదికి పోతుంది. ఒక్క వైపే బరువైతే? పంపు రెండు వైపులకూ ఒకటే కదా, కాబట్టి ఆయిల్ ఒత్తిడితో చక్రాల్ని తోసే సిలిండరో, ఆ ఆయిల్‌ని అటూ ఇటూ మళ్లించే స్టీరింగ్ వాల్వో. ఇలా ఒక్కొక్క అనుమానం ఎలా తొలగిపోయిందో రాస్తే పాఠకుడు నాన్న పక్కనే కూర్చుంటాడు.

సిలిండరు దగ్గర ఎక్కువసేపు ఉండు. దమ్ము చేసిన బండి కదా అది. మోకాటి లోతు బురదలో తిరిగినప్పుడు సిలిండరులోంచి బయటికీ లోపలికీ జరిగే రాడ్డుకు అంటుకున్న మట్టి అక్కడే ఎండుతుంది, మళ్లీ కదిలినప్పుడు సీలుని కోస్తుంది. గుడ్డతో రాడ్డు శుభ్రంగా తుడిచి దాని పొడవునా బొటనవేలి గోరు నడిపిస్తే, కంటికి కనబడని గీత గోరుకు తగులుతుంది. ఆ గీత ఉండగా ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు. లోపలి పిస్టన్ సీలు సంగతి తేల్చే పద్ధతి వేరు. స్టీరింగ్ ఒక చివరి దాకా తిప్పి ఇంజను ఆపి, ఆయిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ వైపు హోస్ సిలిండరు దగ్గర విప్పి, హోస్ మూతికి ప్లగ్గు వేసి, ఇంజను వేసి మళ్లీ అటే నొక్కి పట్టాలి. తెరిచిన రంధ్రం నుంచి ఆయిల్ ఆగకుండా వస్తే సీలు పోయినట్టే. నాలుగు చుక్కలు కారి ఆగితే సిలిండరు బాగానే ఉంది. ఇది నాన్న చేత చేయించుకుని దగ్గరుండి చూడు. ఆ రంధ్రం వైపు చూస్తూ ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా రాయి.

ప్రెషర్ గేజ్ వంతు అన్నిటికన్నా తర్వాత. పంపుకీ వాల్వుకీ మధ్య పెట్టి, చివరి దాకా తిప్పి, నాలుగైదు సెకన్లకు మించకుండా పట్టాలి, లేకపోతే ఆయిల్ కాగిపోతుంది. ఎంత చూపించాలన్నది బండిని బట్టి మారుతుంది, ఆ మోడల్ మాన్యువల్ చూడకుండా అంకె వెయ్యకు. తక్కువ చూపించినా వెంటనే పంపు అనకూడదు, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వులో నలుసు ఇరుక్కున్నా ఇంతే. ఆ వాల్వు స్ప్రింగు కింద వాషర్లు పేర్చి ఒత్తిడి పెంచేవాళ్లను చూశాను. అది రాస్తే హోస్ పగిలే ప్రమాదం కూడా అదే వాక్యంలో రాయి.

ఇంకో హెచ్చరిక, దీన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేయమని అడుగు. ఇంజను నడుస్తుండగా లీకు కోసం హోస్ మీద చెయ్యి పెట్టకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. సన్నని చిల్లు నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. గాయం చీమ కుట్టినంతే కనబడుతుంది, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలో చెయ్యో పోవచ్చు.

భాష సంగతి. "ద్రవచాలిత సారథ్య సహాయక వ్యవస్థ" అని రాశావు. నాన్న ఆ మాట ఎప్పుడైనా అన్నారా? పవర్ స్టీరింగ్ అను, ఆయిల్ సీల్ అను, జాకీ అను. నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో పని నేర్చుకున్న మెకానిక్కుల నోట్లో తెలుగూ తమిళమూ ఇంగ్లీషూ కలిసిపోయి ఉంటాయి. దాన్ని సరిదిద్దకు. పుదుపేటలో పాత సామాన్ల కొట్ల మధ్య ఒక రబ్బరు ఓ-రింగ్ కోసం తిరిగిన పేరా ఇంకా పెంచు, సైజు కుదిరిందో లేదో వేళ్ల మధ్య సాగదీసి చూసే ఆ క్షణం నాకు బాగా నచ్చింది.

కొత్త ఆయిల్ పోశాక ఏం జరిగిందో నువ్వు రాయలేదు. ఇంజను వేయకుండా, చక్రాలు గాల్లో ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు నిదానంగా తిప్పి గాలి తీసి ఉంటారు. ట్యాంకులో బుడగలు ఆగేదాకా చూసి, మట్టం తగ్గితే మళ్లీ పోసి, అప్పుడు జాకీ దించి ఉంటారు. ఆ తర్వాత రైతు సీటెక్కి మొదటిసారి తిప్పాడు కదా. రెక్కలు పడిపోతున్నాయన్న మనిషి అప్పుడు ఏమన్నాడు? నాన్నని అడిగి రాసి పంపు.

ఆశీస్సులతో,
బాబాయ్