బేలర్ తాడు తెగిపోతోంది, వెనక్కి తీసుకోనంటున్నాడు షాపాయన: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. లోన్ మీద బేలర్ కొని, వరికోతలయ్యాక ఊళ్లు తిరిగి కిరాయికి గడ్డికట్టలు కడుతుంటాను. నేను, మా బావమరిది, అంతే. ఈసారి ఒక షాపులో బేలర్‌కి అని చెప్పి 20 రోల్స్ ప్లాస్టిక్ తాడు తీసుకున్నా. పది కట్టలు కడితే రెండు మూడు మధ్యలోనే విప్పుకుంటున్నాయి, రైతులు డబ్బు ఇవ్వమంటే గొడవ. షాపాయన "మీ మిషన్‌లోనే తేడా" అంటున్నాడు. బిల్లు లేదు, చీటీ రాసిచ్చాడు, డబ్బు ఫోన్‌పే కొట్టాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే "నువ్వు వ్యాపారివి" అని పంపించేస్తారంటున్నారు, నిజమేనా?

సమాధానం: వెళ్లొచ్చు, కానీ ముందు మిగిలిన రోల్స్ పక్కన పెట్టండి. కనీసం రెండు రోల్స్ సీలు తీయకుండా, లేబుల్ చిరగకుండా దాచండి. కోపంలో అన్నీ తీసుకెళ్లి షాపు ముందు పడేసి వస్తే కేసులో సగం అక్కడే పోతుంది.

"వ్యాపారివి" అనే మాటకి జవాబు చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లని వినియోగదారులుగా చూడదు, నిజమే, కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని, తానే వాడుకుంటే అది వాణిజ్యం కిందికి రాదని అదే సెక్షన్ 2(7) వివరణలో రాశారు. తోడుగా ఒకరిద్దరు సాయం ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో చెప్పింది, కాబట్టి మీ బావమరిది సంగతికి టెన్షన్ పడక్కర్లేదు. ఫిర్యాదులో మాత్రం బేలర్ ఒక్కటేనని, మీరే నడుపుతారని, ఇల్లు దీని మీదే గడుస్తోందని స్పష్టంగా రాయాలి. ఈ మూడు ముక్కలు రాయకే చాలామంది మొదటి వాయిదాలోనే ఇరుక్కుంటారు. అదే మీకు ఐదారు బేలర్లు, జీతానికి డ్రైవర్లు ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

బిల్లు లేకపోవడం మీ తప్పేమీ కాదు. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47) అంటుంది. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువే లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోయినా అంతే. చీటీ, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్‌లో షాపాయనతో మాట్లాడింది ఉంటే అన్నీ తీసి పెట్టండి. ఇంకో మాట, బేలర్‌కి కావాలని చెప్పి కొన్నారు కదా, అలా అవసరం చెప్పి అమ్మేవాడి మాట నమ్మి కొంటే సరుకు ఆ పనికి తగినట్టు ఉండాలన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16.

ఇక అసలు చిక్కు, మిషనా తాడా అన్నది. షాపాయన వాదించేది దీనిమీదే. అదే రోజు, అదే పొలంలో, అదే మిషన్‌కి వేరే కంపెనీ తాడు ఎక్కించి కొన్ని కట్టలు కట్టండి, వెంటనే ఈ తాడుతో కొన్ని, ఆపకుండా వీడియో తీయండి. తెగిన ముక్కలు పారేయకండి. ప్రతిసారీ ముడి దగ్గరే తెగితే, నిజం చెప్పాలంటే, మిషన్ నాటర్ (తాడుకి ముడి వేసే భాగం) మీద అనుమానం వస్తుంది, అప్పుడు ముందు మెకానిక్‌కి చూపించండి. ఎక్కడపడితే అక్కడ, పోగు సన్నబడిన చోట తెగుతుంటే మీ మాటకి బలం.

లేబుల్ మీద కిలోకి ఎన్ని మీటర్లో రాసుంటే ఇంటి దగ్గరే ఇంకో పరీక్ష చేయొచ్చు. 400 మీటర్లని ఉందనుకోండి, సరిగ్గా 100 మీటర్లు కొలిచి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 250 గ్రాములు తూగాలి. బాగా తక్కువ తూగితే చెప్పినదానికంటే సన్నది అంటగట్టారన్నమాట. ఇది మీకు ధైర్యం కోసమే. కమిషన్ అయితే అవసరమనుకుంటే నమూనా సీలు వేసి ల్యాబ్‌కి పంపుతుంది, ఆ రిపోర్టు 45 రోజుల్లో రావాలి, ఫీజు ముందు మీరు కట్టాలి. నాసిరకం విత్తనాల కేసులో (నేషనల్ సీడ్స్, 2012) గింజలన్నీ పొలంలో చల్లేసిన రైతు నమూనా ఎక్కణ్ణుంచి తెస్తాడని సుప్రీంకోర్టే అడిగింది, కానీ మీకు ఆ సాకు లేదు, రోల్స్ చేతిలోనే ఉన్నాయి. అందుకే ఆ సీలు గురించి అంతలా చెబుతున్నా.

ముందు షాపుకీ, లేబుల్ మీదున్న తయారీదారుకీ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు టైమివ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు, చాలా షాపులు అక్కడికే దిగొస్తాయి. దిగిరాకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే వేయండి, షాపు ఏ ఊళ్లో ఉన్నా సరే. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు (మా వాళ్లు ఈ మాటకి నన్ను తిట్టుకుంటారు). తాడు ధర వాపసు అడగడం తేలిక. పోయిన కిరాయి కూడా అడగండి, కానీ ఏ రైతు దగ్గర ఎంత పోయిందో పేరు, తేదీతో రాసి, వాళ్లలో ఒకరిద్దరి చేత అఫిడవిట్ ఇప్పించగలిగినంత మేరకే. నోటికొచ్చిన లక్షలు వేస్తే ఉన్న నష్టాన్ని కూడా నమ్మరు.

ఈ సీజన్ ఆగదు కాబట్టి వేరే తాడు ఎటూ కొంటారు. ఈసారి ఒక్క రోల్ తెచ్చి ఒక పూట ఆడించి చూశాకే మిగతావి తీసుకోండి, బిల్లు మీద "బేలర్ తాడు", కిలోకి ఎన్ని మీటర్లో రాయించుకోండి.