సీసాలోని చీటీని చదివేటప్పుడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ విజయవాడ కాలేజీ మ్యూజియంలో సీసాల్లో నిల్వచేసిన పాంచాక్స్ చేపల వివరాలను, చీటీల్లో ఉన్నవాటిని చూసి కంప్యూటరులోకి ఎక్కించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1822లో గంగానది చేపల గ్రంథంలో వర్ణించిన ఈ బుల్లి చేప మన ఉప్పుటేరుల్లోనూ బతుకుతుంది కనుక, దాని రికార్డులో ఊరి పేరుకు ఉన్న విలువ చేపకున్న విలువకు ఏమాత్రం తీసిపోదు.

చీటీ మీద ఏముందో అక్షరం మార్చకుండా ఒక గడిలో ఎక్కించి, నీకు అర్థమైనది పక్క గడిలో విడిగా రాయి. ఈ జాగ్రత్త తెలియక నేను ఒకసారి దెబ్బతిన్నాను. 'కిస్నా జిల్లా' అని మాత్రమే ఉన్న ఒక పాత చీటీని చూసి, మచిలీపట్నం వైపుదే అయి ఉంటుందని 'కృష్ణా జిల్లా' అని దిద్ది, అసలు చీటీని పారేశాను. 1859 నుంచి 1904 వరకు గుంటూరు ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనే ఉండేదని తరువాత గుర్తొచ్చింది. ఆ చేప బాపట్ల వైపుది కూడా కావచ్చు, ఇక తేల్చే దారి లేదు. నిజాంపట్నాన్నే చూడు: ఊరు కదలకుండానే కృష్ణాలో, 1904 నుంచి గుంటూరులో, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఇప్పటి మన గుంటూరు జిల్లాకు సముద్రమే లేదు, కాబట్టి 'గుంటూరు తీరం' అన్న రికార్డు కనబడితే తప్పని కొట్టేయకుండా ముందు తేదీ చూడు. ఆ తేదీ చేపను పట్టిన రోజుదా, రిజిస్టరులో ఎక్కించిన రోజుదా అన్నది కూడా విచారించాలి.

అక్షాంశ రేఖాంశాలు వేసేటప్పుడు రెండూ తారుమారైతే మన నిజాంపట్నం చేప ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది (నవ్వకు, పెద్ద పెద్ద జాబితాల్లోనూ ఇలాంటివి దొరుకుతాయి). పటం మీద చుక్క పెట్టి చూసుకుంటే చాలు. చీటీలో ఊరి పేరు ఒక్కటే ఉంటే, ఎన్ని కిలోమీటర్ల మేర అనుమానం ఉందో కూడా రాయి.

చేప పేరును కూడా చీటీ చెప్పిందని నమ్మకు. 1928లో దోమల నివారణకు మన దేశానికి తెచ్చిన గాంబూసియా చేపను చూసి పాంచాక్స్ అని రాసేవాళ్లు ఉంటారు. బతికున్నప్పుడు పాంచాక్స్ నెత్తిన మెరిసే తెల్ల చుక్క ఫార్మలిన్‌లో (చేప కుళ్లకుండా వేసే మందులో) మసకబారుతుంది గాని, వీపు రెక్క మొదట్లోని నల్ల మచ్చ చాలా కాలం నిలుస్తుంది. ఆ రెక్క తోకకు దగ్గరగా, బాగా వెనక్కి ఉంటుంది. గాంబూసియా మగచేపకైతే మలరెక్క (పొట్ట కింద వెనకవైపు ఉండే రెక్క) పొడుగ్గా కడ్డీలా సాగి ఉంటుంది. సీసాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, ఒకే నంబరు కింద రెండు జాతులు కలిసిపోయి ఉండవచ్చు.

కొత్త చీటీలను పెన్సిలుతో రాయి. బాల్‌పెన్ను సిరా సీసాలో పోసే ఆల్కహాలులో కరిగిపోతుంది. పాత చీటీని సీసాలోనే ఉంచు. అర్థంకాని చేతిరాత ఉంటే ఫోటో తీసి పంపు, నా భూతద్దం ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇట్లు,
మామయ్య