చర్చి క్వయర్ నుంచి సొప్రానో దాకా: కావలి అమ్మాయిగా నా అనుభవం

అక్కా, పదహారేళ్ల మీ అమ్మాయి కావలిలో చర్చి క్వయర్‌లో పైస్వరాలు తేలిగ్గా పాడుతోంది, ఇంటర్ అయ్యాక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో సొప్రానోగా, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్వరాలు పాడే గాయనిగా, నిలబడగలదా అని అడిగారు. నాదీ కావలే. పదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నిలబడగలదు. కాకపోతే పాతికేళ్లు దాటేదాకా ఆ గొంతును ఎవరూ తొందరపెట్టకుండా మీరే కాపలా కాయాలి.

నేను ముందు నేర్చుకున్నది కర్ణాటక సంగీతం, ఐదు శ్రుతిలో. తారస్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని ‘ప’, అందుకుంటే చాలు, ఇంటికొచ్చినోళ్లంతా మెచ్చుకునేవాళ్లు. సొప్రానోకి అది మధ్యలో ఒక మెట్టు. అక్కడి నుంచి ఇంకా ఆరేడు స్వరాలు పైకెక్కాలి, అదీ మైకు లేకుండా హాలు చివరి వరుసకు వినపడేలా. గట్టిగా అరిచి అంత పైకి పోలేం, నాదం తలలో మోగాలి. గమకాలకు అలవాటుపడిన గొంతుతో ఒక్క స్వరాన్ని ఊగకుండా నిలపడానికే నాకు ఆరు నెలలు పట్టింది. శ్రుతి జ్ఞానం మాత్రం ఆ పాత పాఠాలదే, వాటిని మాన్పించొద్దు.

పాశ్చాత్య గాత్రం నేర్పిన టీచరు చెన్నైలో. శనివారం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోయి, రాత్రి పిన్నమ్మ ఇంట్లో ఉండి, ఆదివారం మధ్యాహ్నం అదే బండికి తిరిగొచ్చేదాన్ని. మూడేళ్లు మా నాయన ఆ ఖర్చు భరించాడు. మనది అజంత భాష కదా, మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఇటాలియన్‌లోనూ ఎక్కువగా అంతే, అందుకే ఆ పాటలు త్వరగా నోటికి పట్టాయి. జర్మన్‌లో మాట చివర హల్లులు గుంపుగా వస్తాయి, అవి నన్ను ఏడిపించాయి.

పంతొమ్మిదో ఏట ఒక క్రిస్మస్ కార్యక్రమంలో పెద్దలు పాట ఇంకా రెండు స్వరాలు పైకి పెట్టమన్నారు. జలుబుతో ఉన్నానని చెప్పలేకపోయాను. మూడు రోజులు వరసగా పాడాను. నాలుగో రోజు మాట రాలేదు. నెల్లూరులో డాక్టరు చూసి స్వరతంత్రుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు, మొదలవుతున్నాయన్నారు, గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు. మళ్లీ పాడటానికి ఐదు నెలలు పట్టింది. మీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

సంపాదన గురించి కూడా అడిగారు. మొదటి ఏళ్లలో కచేరీల మీద ఇల్లు గడవదు. పిల్లలకు పాఠాలు చెప్తూ, లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలకు తయారుచేస్తూ, పెళ్లిళ్లకు, చర్చి ఆరాధనలకు పాడుతూ వచ్చాను. ఎనిమిదో గ్రేడ్ తర్వాత అదే కాలేజీ ఇచ్చే ఏటీసీఎల్ అనే డిప్లొమా ఉంది, ఉద్యోగానికి అది అక్కరకొస్తుంది. చెన్నైలో రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీలోనూ పాశ్చాత్య గాత్రం నేర్పుతారు. ముంబైలో పుట్టిన సొప్రానో ప్యాట్రీషియా రొజారియో లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో చదివి పెద్ద వేదికలెక్కారు. ఆవిడ రికార్డులు పిల్లకు వినిపించండి.

ఈ ఆదివారం అమ్మాయి పాడుతున్నప్పుడు ముందు వరుసలో కూర్చుని మెడ నరాలు చూడండి. పైస్వరానికి గడ్డం పైకి లేస్తోందా, నరాలు ఉబ్బుతున్నాయా గమనించండి. పాట అయ్యాక మామూలుగా మాట్లాడించండి. మాట బొంగురుపోతే పాటను రెండు స్వరాలు దించమని క్వయర్ మాస్టరుకు మీరే చెప్పండి, పిల్లను చెప్పమనకండి.